మొన కనిపించకపోతే చెయ్యి ఆపు

అమ్మడూ,

వచ్చే నెల నుంచి నీకు ఆర్థో థియేటర్ పోస్టింగ్ అనీ, అల్ట్రాసౌండ్‌లో చూస్తూ బ్లాకులు, అంటే నరాల పక్కన మత్తు సూదులు, నువ్వే ఇస్తావనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఆవిడ సంబరం ఆవిడది. నాకు సంబరంతో పాటు టెన్షన్ కూడా పట్టుకుంది. మా రోజుల్లో మెడ పక్కన తడిమి సూది గుచ్చి, "వేళ్ళలో జిల్లుమందా బాబూ?" అని పేషెంటునే అడిగేవాళ్ళం. వియన్నా డాక్టర్లు 1994లోనే స్క్రీన్ మీద చూస్తూ సుప్రాక్లావిక్యులర్ బ్లాక్ (కాలర్ ఎముక పైనుంచి చేతికిచ్చే మత్తు) ఇచ్చి పేపర్ రాశారు. అమలాపురంలో మా థియేటర్‌కి ఆ మిషన్ వచ్చేసరికి నా జుట్టు నెరిసింది. నీకు మొదటి రోజు నుంచే ఉంది. స్క్రీన్ ఉంది కదా అని చెయ్యి తొందరపడుతుందేమో అనే నా భయం.

మామూలు జాగ్రత్తలు నీకు తెలిసినవే. ఐవీ లైన్, మానిటర్లు సరే. మత్తుమందు రక్తంలోకి పోయి విషమిస్తే ఎక్కించే 20 శాతం లిపిడ్ ఎమల్షన్ (కొవ్వు ద్రావణం) బాటిల్ గదిలో ఉందో లేదో మాత్రం ఎవరి మాటా నమ్మకుండా నీ కళ్ళతో చూసుకో. స్క్రీన్‌ని సూది వెళ్ళే దారిలో నీకు ఎదురుగా పెట్టించు. ప్రోబ్ (ఒంటి మీద ఆనించే అల్ట్రాసౌండ్ పిడి) పట్టిన చేతి చిటికెనవేలు పేషెంటు ఒంటికి ఆనించి ఉంచు.

ఇప్పుడు చెప్పేది రెండుసార్లు చదువు. చాలా ఏళ్ళ కిందట ఓ నర్సింగ్ హోమ్‌కి, కొబ్బరి దింపు తీస్తూ చెట్టు మీంచి పడి ముంజేయి విరిగిన మనిషిని తెచ్చారు. బ్లాక్ ఇస్తున్నది ఒక కుర్ర డాక్టరు. మంచి చెయ్యి, మంచి తెలివి. సబ్‌క్లేవియన్ ఆర్టరీ (చేతికి రక్తం తీసుకెళ్ళే పెద్ద ధమని) పక్కన నరాలు ద్రాక్షగుత్తిలా చక్కగా కనిపించాయి. తెల్లటి గీత కూడా కనిపించింది. "సూది వచ్చేసింది సార్," అన్నాడు. సిరంజి అందుకోవడానికి ఒక్కసారి తల తిప్పాడు. ఆ క్షణంలో ప్రోబ్ కాస్త పక్కకి జారింది, అతనికి తెలియలేదు.

పెంకుటింట్లో పెంకు జరిగిన సందులోంచి ఎండ చారలా దిగుతుంది చూశావా? ఆ చారలోకి పుల్లని ఏటవాలుగా పెడితే ఎండ తగిలిన ముక్కే మెరుస్తుంది. పుల్ల చివర అవతల చీకట్లో ఉండిపోతుంది. ప్రోబ్ కింద అల్ట్రాసౌండ్ కిరణం మందం కూడా ఒక మిల్లీమీటరు, అటూ ఇటూగా. ఆ రోజు స్క్రీన్ మీద గీత ఆగిపోయిన చోటే మొన అనుకున్నాడు. అది సూది నడుము. మొన ఇంకా లోపల, ప్లూరా (ఊపిరితిత్తి మీది పొర) దగ్గర ఉంది.

మందు రెండు మిల్లీలీటర్లు ఎక్కించాడు. స్క్రీన్ మీద నల్లగా ఏమీ విచ్చుకోలేదు. అక్కడే ఆగాలి తల్లీ! మందు వెళ్తూ స్క్రీన్ మీద కనబడలేదంటే మొన నువ్వు చూస్తున్న చోట లేదు, లేదా రక్తనాళంలో ఉంది. అతను ఆగలేదు, ఇంకాస్త ముందుకు తోశాడు. పేషెంటు దగ్గాడు. సాయంత్రానికి ఆయాసం, ఎక్స్‌రేలో ఊపిరితిత్తి ముడుచుకుపోయి ఉంది. ఛాతీలో గొట్టం వేశారు. "చెయ్యి విరిగితే ఛాతీకి గొట్టం ఎందుకండీ?" అని వాళ్ళావిడ అడిగింది. ఆ కుర్రాడు జవాబు చెప్పలేక నా వైపు చూశాడు. మనిషి కోలుకున్నాడు గానీ ఆ ఏడాది దింపులన్నీ పోయాయి.

కొత్తవాళ్ళ పొరపాట్ల మీద 2007లో అమెరికాలో ఒక స్టడీ వచ్చింది. అందులో ఎక్కువగా కనబడినవి ఈ రెండే: సూది కనిపించకుండానే ముందుకు తోయడం, తెలియకుండా ప్రోబ్ కదిలిపోవడం.

అందుకని మొన కనిపించకపోతే సూదిని ఉన్నచోటే ఉంచి ప్రోబ్‌ని కదుపు. కొంచెం జరుపు, కొంచెం వంచు, కొంచెం తిప్పు. రెండు చేతులూ ఒకేసారి కదిపావా, ఇక దొరకదు. అప్పటికీ దొరక్కపోతే అర మిల్లీలీటరు సెలైన్ వదిలి ఎక్కడ విచ్చుకుంటుందో చూడు. సూది నిటారుగా దిగితే ప్రతిధ్వని ప్రోబ్‌కి తిరిగిరాదు, ఎటో పోతుంది. కాబట్టి లోతు నరాలకి ప్రోబ్ అంచుకి కాస్త దూరం నుంచి వాలుగా గుచ్చు, అవతలి అంచుని నొక్కి ప్రోబ్‌ని సూదికి సమాంతరంగా వంచు. స్క్రీన్ మీద బాగా మెరిసేలా గాట్లు పెట్టిన ఎకోజెనిక్ సూదులు ఉంటే వాడు, మంచివే. కానీ కిరణంలో లేని సూది ఎంత ఖరీదైనదైనా కనిపించదు. ఇదంతా చేసినా కనిపించకపోతే సూది బయటికి తీసి సీనియర్‌ని పిలువు. నిన్ను చూసి ఎవడైనా నవ్వితే నా నంబరివ్వు.

ప్రాక్టీసుకి తోలుతో ఉన్న చికెన్ ముక్క చాలు, లోపల ఆలివ్ కాయ దాచి దాన్ని గురి చేసుకో. పండక్కి వచ్చేటప్పుడు చిన్న పోర్టబుల్ మిషన్ కారులో తెస్తానన్నావట. తిన్నగా ఉండు! కడుపులో బిడ్డ ఆడో మగో చూడకుండా ఆపే పీసీపీఎన్‌డీటీ చట్టం కింద రిజిస్టరైన చోటు దాటించి మిషన్ తిప్పితే, నువ్వు చూసింది మెడ నరాలేనన్నా ఎవరూ వినరు. చికెన్ ముక్కే కాలేజీకి పట్టుకెళ్ళు, మీ డిపార్ట్‌మెంట్‌లో అడిగి సాయంత్రాలు చేసుకో. ప్రోబ్‌కి గ్లోవ్ తొడగడం మర్చిపోకు, లేకపోతే థియేటర్ సిస్టర్ నిన్ను మళ్ళీ ఆ మిషన్ ముట్టుకోనివ్వదు.

మీ మావయ్య