ఇంటి ధర కన్నా ఇంటి మీద అప్పు ఎక్కువైతే, ఇల్లు బ్యాంకుకే వదిలేయడం మంచిదా?

మీ ప్రశ్న రెండు సార్లు చదివాను. తణుకులో 2018లో కొన్న ఫ్లాటు, ఇప్పుడు అమ్మినా అప్పు తీరదు, అమెరికాలో మీ కజిన్ 2009లో ఇంటి తాళాలు బ్యాంకు వాళ్ళ చేతిలో పెట్టి బయటపడ్డాడు, మనమూ అలాగే చేస్తే పోదా అని అడిగారు.

ముందు ఆ అమెరికా సంగతి పక్కన పెట్టండి. కాలిఫోర్నియా లాంటి కొన్ని రాష్ట్రాల్లో, ఉండటానికి కొనుక్కున్న ఇంటి అప్పైతే బ్యాంకు ఆ ఇంటితోనే సరిపెట్టుకోవాలి. మిగిలింది మనిషిని అడగడానికి లేదు. అక్కడి చట్టం అది. మన దగ్గర ఇల్లు తనఖా మాత్రమే, అప్పు మాత్రం మన పేరు మీదే ఉంటుంది. వేలంలో వచ్చిన డబ్బు చాలకపోతే మిగతాది మన దగ్గర, మనకి హామీ సంతకం పెట్టినవాళ్ళ దగ్గర వసూలు చేసుకునే హక్కు బ్యాంకుకి ఉంది. కాబట్టి ఇక్కడ ‘వదిలేయడం’ అనేదే లేదు. మనమే అమ్ముకోవడం ఉంది, లేదా వాళ్ళ చేత వేలం వేయించుకోవడం ఉంది. నేను మొదటిది చేశాను. ఆ నిర్ణయానికి రావడం నాకు అంత తేలిక కాలేదు.

మాది రాజోలు దగ్గర పల్లెటూరు. నేను భీమవరంలో ఒక రొయ్యల ప్లాంటులో అకౌంట్స్ చూస్తాను. 2017 నవంబరులో యనమదుర్రు డ్రెయిన్‌కి కాస్త ఇవతల నాలుగో అంతస్తులో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు 46 లక్షలకు కొన్నాం. చేతి డబ్బు 10 లక్షలు, లోను 36 లక్షలు. 20 ఏళ్ళు, ఎనిమిదిన్నర శాతం మారే వడ్డీ, నెలకి 31 వేల 250 కిస్తీ. రిజిస్ట్రేషన్ ఖర్చులు ఏడున్నర శాతం వేరే. గృహప్రవేశానికి ఇంకో రెండు లక్షల నలభై వేలు అయ్యాయి. ఈ గృహప్రవేశం భోజనాల గురించి ఒక మాట అనకుండా ఉండలేను. నాలుగు వందల మందికి పూతరేకులతో సహా వడ్డించాం. ఆ డబ్బు అసలులో కట్టి ఉంటే ఎన్ని నెలల కిస్తీలు తగ్గేవో తర్వాత లెక్క వేసుకుని ఎంత బాధపడ్డానో నాకే తెలుసు. మన జిల్లాల్లో మర్యాద పేరుతో ఈ అప్పుల విందులు ఆగాలి.

2020లో లాక్‌డౌన్ వచ్చింది, ప్లాంటు సగం జీతం ఇచ్చింది. మార్చి నుంచి ఆగస్టు వరకు మారటోరియం తీసుకున్నాను. ఆ ఆరు నెలలు కిస్తీ ఆగింది కానీ వడ్డీ ఆగలేదు, అదంతా అసలులో కలిసింది. తర్వాత 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు రిజర్వు బ్యాంకు రెపో రేటుని, అంటే బ్యాంకులకి తనిచ్చే అప్పు మీద వడ్డీని, 4 శాతం నుంచి 6.5 శాతానికి పెంచింది. దాంతో నా లోను వడ్డీ కూడా పెరిగింది, కానీ కిస్తీ మారలేదు కాబట్టి నాకేం తెలియలేదు. బ్యాంకు వాళ్ళు కిస్తీ పెంచకుండా నెలలు పెంచుకుంటూ పోయారు. 2023 మార్చి ఆఖర్లో స్టేట్‌మెంట్ తీసి చూస్తే నాకు కాళ్ళ కింద నేల కదిలినట్టయింది. 58 కిస్తీలు, అంటే 18 లక్షలు కట్టాను. తగ్గిన అసలు మూడు లక్షల ముప్పై వేలు. ఇంకా 32 లక్షల 70 వేలు బాకీ. ఇంకా 213 నెలలు. మొదటి లెక్క ప్రకారం పదిహేనేళ్ళ లోపే మిగలాలి, దాదాపు పద్దెనిమిదేళ్ళు చూపిస్తోంది. నెలకి కట్టే 31 వేలలో 25 వేలు వడ్డీకే పోతోంది.

సరే అమ్మేద్దాం అని బేరం పెడితే 27 లక్షలకు మించి ఎవరూ అడగలేదు. కారణం ఫ్లాటు పాతబడటం కాదు. బిల్డరు ప్లానులో లేని అయిదో అంతస్తు వేశాడు, దాంతో బిల్డింగుకి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, అంటే ప్లాను ప్రకారమే కట్టారని మునిసిపాలిటీ ఇచ్చే కాగితం, రాలేదు. నాకు లోను ఇచ్చిన బ్యాంకే, అదే బిల్డింగులో, నా ఫ్లాటు కొంటానన్నవాళ్ళకి లోను ఇవ్వనంది! నాకు ఇచ్చేటప్పుడు వాళ్ళ లాయరు, వాళ్ళ ఇంజనీరు సంతకాలు పెట్టారు, వాళ్ళ ఫీజులు కూడా నేనే కట్టాను. కొనేవాడికి లోను రాదంటే రొక్కం ఉన్నవాడే కొనాలి, రొక్కం ఉన్నవాడు మన అవసరం చూసే ధర చెబుతాడు. పైగా బోరు నీళ్ళు ఉప్పు, వేసవిలో కాలువలు కట్టేస్తే మునిసిపల్ నీళ్ళు రోజు విడిచి రోజు, వాన పడితే సెల్లారులో మోకాలి లోతు. ఆ స్థలం ఒకప్పుడు వరిచేను. చుట్టుపక్కల చేలన్నీ మెరక చేసి అపార్ట్‌మెంట్లు కట్టి, నీళ్ళు పోయే బోదెలు పూడ్చేస్తే నీళ్ళు మన సెల్లారుకి కాక ఎక్కడికి పోతాయి? డెల్టాలో ఇల్లు కొనేటప్పుడు టైల్స్ చూస్తాం, మోడ్యులర్ కిచెన్ చూస్తాం, నీళ్ళు ఎటు పారతాయో చూడం. దీని మీద ఇంకో జవాబు రాయాలి.

ఇంతకీ చెప్పదలచుకున్నది ఇది. ఏప్రిల్‌లో ఒక ఆదివారం పొద్దున్నే మా నాన్న వచ్చారు. ఫోను చేయలేదు. తెల్లవారుజామున బయల్దేరి, చించినాడ వంతెన మీదుగా పాలకొల్లు వచ్చి, అక్కడ బస్సు మారి ఏడింటికల్లా తలుపు కొట్టారు. ఒక సంచిలో నాలుగు ఒలిచిన కొబ్బరికాయలు, ఇంకో సంచిలో తువ్వాలులో చుట్టిన పొట్లం. కాఫీ తాగి, గ్లాసు తనే సింకులో పెట్టి వచ్చి, ఆ తువ్వాలు విప్పారు. పట్టాదారు పాసుపుస్తకం. పెట్టెలో కలరా ఉండల మధ్య ఉండేదేమో, గదంతా ఆ వాసన. 96 తుఫానుకి తడిసి ఆరిన పుస్తకం అది, పేజీలు ఇప్పటికీ ఉబ్బి అప్పడంలా ఉంటాయి.

“ఏరా అబ్బాయ్, నలభై సెంట్లకి బేరం మాట్లాడొచ్చాను. ఇరవై లక్షల దాకా వస్తాయి. బ్యాంకులో పారేసి ఇల్లు నిలబెట్టుకో” అన్నారు.

మాకున్నది మొత్తం డెబ్భై సెంట్ల కొబ్బరితోట. 1996 నవంబరు తుఫానులో కోనసీమలో చెట్లు ఎలా పడిపోయాయో చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. మా తోటలో నిలబడినవి పదకొండు. పడిన ప్రతి చెట్టు చోటా నాన్న మళ్ళీ మొక్క నాటారు. అవి కాపుకి వచ్చేదాకా ఆరేడేళ్ళు ఆయన పక్క ఊళ్ళో కూలికి కూడా వెళ్ళారు. ఇప్పుడు దింపుకి వచ్చేది పెద్ద డబ్బేం కాదు, కానీ అమ్మ బీపీ మందులు, కరెంటు బిల్లు, పండక్కి మా పిల్లలకి బట్టలు అన్నీ దాంట్లోంచే. ఆయన మా దగ్గర చేయి చాచకుండా బతకడానికి కారణం ఆ తోట.

నాకు నోట మాట రాలేదు. సిగ్గుతో చెబుతున్నాను, ఒక్క నిమిషం పాటు ‘హమ్మయ్య’ అనిపించింది కూడా. మా ఆవిడ వంటింటి గుమ్మం దగ్గర నిలబడి ఉంది. మామూలుగా మా నాన్న ముందు ఎక్కువ మాట్లాడదు. ఆ రోజు వచ్చి పుస్తకం మళ్ళీ తువ్వాలులో చుట్టేసింది. “మావయ్యగారూ, ఆ తోట మీకు అన్నం పెడుతోందండి. ఈ ఇల్లు మాకు పెట్టట్లేదు, మేమే దీనికి పెడుతున్నాం. దీని కోసం అది అమ్మకండి” అంది. నాన్న కాసేపు ఆ మూట వైపే చూస్తూ కూర్చున్నారు. “మరి ఊళ్ళో ఏమంటారే అమ్మా?” అన్నారు. అంతే. ఆయన భయం ఇల్లు పోతుందని కాదు, ఊళ్ళో మాట పడాల్సి వస్తుందని. నిజం చెప్పాలంటే నా భయం కూడా అదే.

అందుకే గట్టిగా చెబుతున్నాను. డబ్బు తినే ఇంటి కోసం పండే భూమి అమ్మకండి. మా వైపు ఇలా అమ్మిన కుటుంబాలు నాకు తెలిసి అరడజను పైనే ఉన్నాయి, ఒక్కళ్ళు కూడా మళ్ళీ సెంటు భూమి కొనలేదు.

అయితే ఇల్లు అలా గాలికి వదిలేసినా ఆ భూమికి ముప్పే. నాకు లోను ఇచ్చేటప్పుడు ‘మీ జీతం ఒక్కటే చాలదు’ అని నాన్న చేత హామీ సంతకం పెట్టించారు. ‘వ్యవసాయ భూమిని బ్యాంకు ముట్టుకోలేదు’ అని మనవాళ్ళు ధీమాగా అంటుంటారు. అది సగమే నిజం. 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద, కోర్టుకి వెళ్ళకుండా నేరుగా, వ్యవసాయ భూమిని వేలం వేయడానికి లేదు. కానీ ఇల్లు వేలం వేశాక మిగిలిన బాకీకి కోర్టుకో, బాకీ పెద్దదైతే అప్పుల వసూలు ట్రిబ్యునల్‌కో వెళ్ళి ఆర్డరు తెచ్చుకుంటే హామీదారు ఆస్తులు జప్తుకి వచ్చే దారి ఉంది. కోర్టుల చుట్టూ డెబ్భై ఏళ్ళ నాన్నని తిప్పే ధైర్యం నాకు లేదు.

వేలం ఎలా జరుగుతుందో కూడా తెలుసుకోండి. మూడు నెలలు కట్టకపోతే ఖాతా మొండి బకాయి అవుతుంది. అరవై రోజుల నోటీసు ఇస్తారు. దానికి మీరు రాతపూర్వకంగా అభ్యంతరం చెబితే పదిహేను రోజుల్లో జవాబివ్వాలి. తర్వాత స్వాధీనం నోటీసు తలుపుకి అంటిస్తారు, రెండు పేపర్లలో వేస్తారు, అందులో ఒకటి తెలుగు పేపరు. అప్పు తీసుకున్నవాళ్ళ పేరూ హామీదారు పేరూ అందులో ఉంటాయి. పరువు అంటే అప్పుడు పోతుంది, మనమే నిదానంగా అమ్ముకుంటే కాదు. ఆ తర్వాత ముప్పై రోజుల గడువుతో వేలం, పాట రాకపోతే కనీస ధర తగ్గించి మళ్ళీ వేలం, ఈ ఖర్చులూ వడ్డీలూ అన్నీ మన ఖాతాలోనే రాస్తారు. 27 లక్షలకు పోయే ఇల్లు అక్కడ ఎంతకి పోతుందో ఊహించుకోండి. బాకీలో కొంత తగ్గించి తేల్చుకునే సెటిల్‌మెంటు సంగతి కూడా అడిగాను. ఖాతా చెడిపోయాకే ఆ మాట ఎత్తుతామన్నారు, మన అప్పుల చరిత్ర రాసి ఉంచే సిబిల్‌లో ‘సెటిల్డ్’ అని మచ్చ పడుతుంది. వద్దనుకున్నాను.

కిస్తీ ఒక్కటి కూడా తప్పకముందే, 2023 మేలో ఆ 27 లక్షలకే అమ్మేశాను. ఆయన చెరువులు చేసే పెద్దమనిషి, రొక్కం ఉన్నాయన. లోటు 5 లక్షల 70 వేలు. పీఎఫ్ నుంచి లక్షా ఎనభై వేలు తీశాను, చీటీ పాడితే రెండు లక్షల నలభై వేలు వచ్చాయి, కువైట్‌లో ఉన్న తమ్ముడు లక్షన్నర పంపాడు. మారే వడ్డీ మీద ఉన్న ఇంటి లోను ముందే తీర్చేస్తే పెనాల్టీ వేయకూడదు, ఎవరైనా అడిగితే కట్టకండి. డబ్బంతా కట్టాక కాగితాలు ఇవ్వడానికి మా బ్యాంకు నలభై రోజులు తిప్పింది. ఆ నలభై రోజులూ కొన్నాయన రోజూ ఫోను, నాకు ఒకటే టెన్షన్. తర్వాత రిజర్వు బ్యాంకు రూలు తెచ్చింది. 2023 డిసెంబరు నుంచి ముప్పై రోజుల్లో కాగితాలు ఇవ్వకపోతే రోజుకి అయిదు వేలు బ్యాంకే మనకి కట్టాలి. మీకు ఆ అండ ఉంది, వాడుకోండి.

ఇప్పుడు రెండు వీధుల అవతల తొమ్మిదిన్నర వేలకు అద్దెకి ఉంటున్నాం. అదే సైజు ఇల్లు, నీళ్ళు ఇంకా మంచివి. కిస్తీ లేక మిగిలిన డబ్బుతో ఏడాది తిరిగేలోపు తమ్ముడి బాకీ తీరింది, చీటీ ఇంకా కడుతున్నాను. ఊళ్ళో అన్నారా అంటే అన్నారు. ఒక పెళ్ళిలో మా పిన్ని అందరి ముందూ “ఇల్లు నిలబెట్టుకోలేకపోయాడు పాపం” అంది. అన్నం ముద్ద గొంతు దిగలేదు ఆ రోజు. పక్క విస్తరి దగ్గర కూర్చున్న మా నాన్న మాత్రం “మా తోట ఉంది కదే” అని గారె కొరుక్కున్నారు.

అందరూ అమ్మేయాలని నేను అనను. జీతం గట్టిగా ఉండి, కిస్తీ ఇబ్బంది లేకుండా కట్టగలిగి, ఆ ఇంట్లోనే పదిహేనేళ్ళు ఉండేవాళ్ళైతే ఇవాళ్టి ధరతో మీకు పని లేదు, ఉండండి. కిస్తీ కోసం చేబదుళ్ళు మొదలైతే మాత్రం ఆలస్యం చేయకండి. బ్యాంకుకి వెళ్ళి మూడే అడగండి: ఇవాళ్టికి బాకీ ఎంత, ఇంకా ఎన్ని నెలలు, ఇప్పుడున్న వడ్డీ శాతం ఎంత. నోటి మాట కాదు, కాగితం మీద.

హామీ సంతకం ఎవరు పెట్టారో మీరు రాయలేదు. మీ బిల్డింగుకి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఉందో లేదో కూడా రాయలేదు. ఈ రెండూ కింద చెప్పండి, మిగతాది అప్పుడు మాట్లాడుకుందాం.