రాత్రివేళ క్రాపీ చేపకు గాలం

ప్రశ్న: వంశధార ఒడ్డున వానపాము గుచ్చి గాలం వేయడం నాకు చిన్నప్పటి నుంచి అలవాటు. జూన్‌లో టెక్సాస్‌లో ఉన్న మా అబ్బాయి దగ్గరకు వెళ్తున్నాను. అక్కడ రాత్రిళ్లు పడవలో దీపం పెట్టి క్రాపీ అనే చేపను పడతారట. ఆ దీపం ఎందుకు? ఎర ఏమిటి? గొట్టా బ్యారేజీ ఎగువన కూడా అలా పట్టవచ్చా?
– ఒక పాఠకుడు, నరసన్నపేట

జవాబు: క్రాపీ ఉత్తర అమెరికాకు చెందిన మంచినీటి చేప. దానిలో తెలుపు, నలుపు అని రెండు జాతులున్నాయి. టెక్సాస్‌లో రెండూ దొరుకుతాయి. కళ్లు పెద్దవి కావడం వల్ల అది మసక వెలుతురులోనూ వేటాడగలదు. దీపం పెట్టేది చేప కోసం కాదు, చేప మేత కోసం. వెలుగు పడిన చోటికి నీటిలోని సూక్ష్మజీవులు, వాటిని తినడానికి చిరుచేపలు, చిరుచేపల కోసం క్రాపీలు ఒకదాని వెనుక ఒకటి చేరతాయి. ఇందుకు గంట పట్టినా ఆశ్చర్యం లేదు కనుక, పది నిమిషాలకే చోటు మార్చే తొందర పనికిరాదు. వెన్నెల లేని రాత్రి మీ దీపానికి పోటీ ఉండదు. నీటిలో ముంచే ఆకుపచ్చ దీపాలు అక్కడ అమ్ముతారు గాని, పడవ అంచున వేలాడదీసిన లాంతరు చాలునని నా అభిప్రాయం.

వంతెన స్తంభాల పక్కన, మునిగిన కొమ్మల దగ్గర పడవ కట్టండి. వేసవిలో లోతైన చెరువుల అడుగున ప్రాణవాయువు తగ్గిపోవడం వల్ల క్రాపీలు మధ్య లోతులో గుంపుగా నిలుస్తాయి. పైగా అవి తమకంటే పైనున్న మేతను చూసి అందుకుంటాయి. అందువల్ల మన అలవాటు చొప్పున ఎరను అడుగుకు దించితే అది వాటి కంటపడదు. కొంచెం కొంచెం లోతు మారుస్తూ చూడండి, మొదటి చేప పడిన లోతులోనే బెండును స్థిరపరచండి. ఎరగా రెండంగుళాల బతికున్న చిరుచేపను పెదవులకు గుచ్చితే అది చాలాసేపు ఈదుతుంది. సన్నని తీగతో చేసిన గాలమైతే కొమ్మకు తగులుకున్నా, గట్టిగా లాగితే వంగి ఊడివస్తుంది.

అసలు జాగ్రత్త చేప అందుకున్నాక కావాలి. క్రాపీ నోటి పొర తడిసిన కాగితంలా చిరుగుతుంది. జెల్లను లాగినట్లు ఒక్క ఊపున లాగితే గాలం ఒక్కటే చేతికి వస్తుంది. దారం బిగువు సడలకుండా మెల్లగా పైకి తెచ్చి చేతివలతో అందుకోండి.

వెళ్లగానే మీ అబ్బాయితో మీకూ లైసెన్సు తీయించుకోండి. టెక్సాస్‌లో సాధారణంగా పది అంగుళాలకు తగ్గిన క్రాపీని వదిలేయాలి, రోజుకు 25కు మించి పట్టకూడదు. కొన్ని జలాశయాలకు వేరే నిబంధనలున్నాయి.

ఇక గొట్టా సంగతి. మన నీళ్లలో క్రాపీ లేదు. ఇక్కడ రాత్రి తిరిగే వాలుగ, జెల్ల వంటి మీసాల చేపలు వాసనను, స్పర్శను నమ్ముకొని మేత వెతుకుతాయి కనుక, వాటికి దీపం కంటే అడుగున పెట్టిన మీ వానపామే మేలు. అయితే జలాశయాల్లో చేపల హక్కు తరచుగా మత్స్యకార సహకార సంఘాలకు ఉంటుంది; ముందుగా వారిని అడగండి, గేట్లు ఎత్తే రోజుల్లో నీటి దగ్గరకు వెళ్లకండి.