గెట్ తర్వాత ఏముందో చూడండి

ప్రశ్న: ఇంగ్లీషులో 'గెట్' ఎక్కడ పడితే అక్కడ కనిపిస్తోందండీ. ఇన్ని అర్థాలు గుర్తుపెట్టుకోవడం ఎలా?

జవాబు: బట్టీ పట్టకండి, టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. గెట్ తర్వాత ఏ మాట వచ్చిందో చూడండి. నామవాచకం వస్తే సాధారణంగా దొరకడం, అందడం, తెచ్చుకోవడం: 'గెట్ ఎ జాబ్', 'గెట్ ఎ లెటర్'. విశేషణం వస్తే మారడం. 'గెట్ యాంగ్రీ' అంటే కోపం రావడం. 'గెట్ టు ద స్టేషన్' అంటే చేరుకోవడం. అసలు చిక్కంతా మధ్యలో మనిషి దూరినప్పుడే: 'ఐ గాట్ హిమ్ టు సైన్' అంటే నేను సంతకం చేశానని కాదు, అతనిచేత చేయించానని, అందులో ఆ 'టు' మింగేసి 'గాట్ హిమ్ సైన్' అనేవాళ్ళు చాలామందే ఉన్నారు, అది తప్పు. 'గాట్ ఫైర్డ్' అంటే ఉద్యోగం ఊడింది! ఇక గెట్ అప్, గెట్ ఓవర్ లాంటి జంటల్ని మాత్రం దేనికది విడిగా నేర్చుకోవాల్సిందే.