ఈసీజీ కాగితం మీద మిషన్ రాసిన మాట నమ్మాలా?

ప్రశ్న: నా వయసు 46. ఆఫీసు వాళ్లు చేయించిన మాస్టర్ చెకప్‌లో ఈసీజీ కాగితం పైన ‘యాంటీరియర్ ఇన్‌ఫార్క్ట్’ (గుండె ముందు గోడలో గుండెపోటు దెబ్బ) అని అచ్చయి వచ్చింది. నాకెప్పుడూ ఛాతీ నొప్పి రాలేదు. ఎకో (గుండె స్కానింగ్)లో అంతా నార్మల్ అన్నారు. తెలియకుండానే గుండెపోటు వచ్చిపోయిందా?
– ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై

జవాబు: ఎకోలో గుండె ముందు గోడ చక్కగా కదులుతోందంటే, వచ్చి ఉండకపోవచ్చు. ఆ మాట డాక్టరు రాసింది కాదు, గీతల కొలతలు చూసి మిషన్‌లోని సాఫ్ట్‌వేర్ వేసిన అంచనా. చాలా మిషన్లు పక్కనే ‘అన్‌కన్‌ఫర్మ్‌డ్’ (ఇంకా ఖాయం కానిది) అని కూడా వేస్తాయి, దాన్ని ఎవరూ పట్టించుకోరు.

ఛాతీ మీద అంటించే ఆరు లీడ్లలో (వాటి పేర్లు వీ1 నుంచి వీ6) వీ1 నుంచి వీ4 దాకా ఆర్ తరంగం, అంటే గీతలో పైకి లేచే పదునైన మొన, మెల్లగా పెరుగుతూ పోవాలి. పెరగకపోతే ముందు గోడలో కండరం చచ్చిపోయిందేమోనని మిషన్ అనుమానిస్తుంది. అయితే వీ1, వీ2లను ఉండాల్సిన చోటి కంటే పైన అంటించినా ఇదే బొమ్మ వస్తుంది. చెకప్ క్యాంపుల్లో ఎక్కువగా జరిగే తప్పు ఇదే. గొంతు గుంట నుంచి వేలు కిందికి జార్చితే రొమ్ము ఎముక మీద చిన్న గట్టులా తగులుతుంది. దాని పక్కన ఉండేది రెండో పక్కటెముక. ఆ ఎముక కింద ఉన్నది రెండో సందు. అక్కణ్నుంచి లెక్కపెట్టుకుంటూ నాలుగో సందుకు దిగి, రొమ్ము ఎముకకు కుడివైపు వీ1, ఎడమవైపు వీ2 పెట్టాలి. హడావుడిలో లెక్కపెట్టకుండా రెండో సందులోనే పెట్టేస్తుంటారు. వీ4 ఐదో సందులో, మెడ ఎముక మధ్య నుంచి నేరుగా కిందికి గీసిన గీత మీదికి రావాలి. ఆడవాళ్లకు సాధారణంగా రొమ్మును కాస్త పైకెత్తి కింద అంటించాలి. మొహమాటపడితే ఆ గీతలకు అర్థం మారిపోతుంది.

కాబట్టి మందులు మొదలుపెట్టే ముందు, చోటు చూసి పెట్టించుకుని ఇంకోసారి తీయించుకోండి. ఆర్ పెరిగితే గొడవ వదిలినట్టే. మళ్లీ అలాగే వస్తే రెండు ఈసీజీలూ, ఎకో రిపోర్టూ పట్టుకుని కార్డియాలజిస్టు దగ్గరికి వెళ్లండి. ఎడమ బండిల్ బ్రాంచ్ బ్లాక్ (గుండె ఎడమవైపుకు విద్యుత్తు వెళ్లే దారిలో అడ్డు) ఉన్నా, ఊపిరితిత్తులు బాగా ఉబ్బిన వాళ్లలోనూ ఆర్ పెరగదు.

చేతుల క్లిప్పులు తారుమారైనా ఇలాంటి తంటాయే. మన దగ్గర మామూలుగా ఎరుపు కుడిచేతికి, పసుపు ఎడమచేతికి, ఆకుపచ్చ ఎడమకాలికి, నలుపు కుడికాలికి పెడతారు. ఎరుపూ పసుపూ మారితే రెండు చేతుల క్లిప్పులతో వచ్చే ఒకటో లీడ్‌లో గీతలన్నీ తలకిందులవుతాయి, మామూలుగా కిందికి ఉండే ఏవీఆర్ లీడ్ గీత పైకి లేస్తుంది. అందుకే అనుభవం ఉన్న డాక్టరు జబ్బు వెతకడానికి ముందు పేరు, తేదీ, కాగితం కదిలే వేగం సెకనుకు 25 మిల్లీమీటర్లు ఉందా, మిల్లీవోల్టుకు 10 మిల్లీమీటర్ల ఎత్తు ఉందా అని చూస్తారు. ఆ వేగంలో ఒక పెద్ద గడి 0.2 సెకను. రెండు ఆర్‌ల మధ్య ఎన్ని పెద్ద గడులున్నాయో ఆ అంకెతో 300ను భాగిస్తే నిమిషానికి గుండె ఎన్నిసార్లు కొట్టుకుంటోందో వస్తుంది. లయ తప్పుతుంటే ఈ లెక్క పనికిరాదు. అప్పుడు 10 సెకన్ల పట్టీలో ఉన్న ఆర్‌లను లెక్కపెట్టి 6తో గుణిస్తారు.

ప్రశ్న: మా నాన్నగారికి 68 ఏళ్లు, షుగర్ ఉంది. రాత్రి ఛాతీలో బరువు, చెమటలు. మొదటి ఈసీజీ నార్మల్ అంటూనే గంటలో మూడుసార్లు తీశారు, వీపు మీద కూడా అంటించారు. ఇదంతా బిల్లు కోసమేనా?
– ఒక పాఠకుడు, మాధవరం, చెన్నై

జవాబు: కాదు. సరైన వైద్యమే జరిగింది. ఒక ఈసీజీలో దొరికేది దాదాపు 10 సెకన్ల గుండె మాత్రమే. రక్తనాళంలో గడ్డ కాసేపు మూస్తుంది, కాసేపు వదులుతుంది. వదిలినప్పుడు తీస్తే కాగితం శుభ్రంగా ఉంటుంది. అందుకే ఆస్పత్రికి వచ్చిన 10 నిమిషాల్లో మొదటిది తీసి, అందులో ఏమీ తేలకపోయినా నొప్పి తగ్గకపోతే మొదటి గంటలో 15 నుంచి 30 నిమిషాలకోసారి మళ్లీ తీస్తారు. వాటితో పాటు రక్తంలో ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే రక్తంలోకి వచ్చే ప్రొటీన్) కొన్ని గంటల తేడాతో రెండుసార్లు చూస్తారు. ‘నార్మల్’ అన్న ఒక్క కాగితం పట్టుకుని ఇంటికి పంపేసి ఉంటే అప్పుడు అడగాల్సింది!

వీపు సంగతికొస్తే, మామూలు లీడ్లకు గుండె వెనక గోడ నేరుగా కనిపించదు. వీ1 నుంచి వీ3 దాకా ఎస్‌టీ భాగం (ఆర్ మొన తర్వాత వచ్చే గీత ముక్క) కిందికి దిగితే, వెనక దెబ్బ తగిలిందేమోనని వీ7, వీ8, వీ9 పెడతారు. అడుగు గోడలో మార్పులుంటే ఛాతీ కుడివైపు వీ4ఆర్ కూడా పెడతారు. కుడి జఠరిక (గుండె కుడివైపు కింది గది) దెబ్బతిన్నవాళ్లకు నాలుక కింద పెట్టే సార్బిట్రేట్ ఇస్తే బీపీ ఒక్కసారిగా పడిపోవచ్చు. పక్కింటివాళ్లు ఇచ్చిన మాత్ర వేసేయకూడదనేది ఇందుకే. గ్యాస్ అనుకుని సోడా తాగించి పడుకోబెట్టడం, బైకు వెనక కూర్చోబెట్టుకుని వెళ్లడం కూడా వద్దు. 108కి ఫోన్ చేయండి. పాత ఈసీజీ ఉంటే వెంట తీసుకెళ్లండి. ఈ మార్పు కొత్తదా పాతదా అన్నది చాలాసార్లు దాన్నిబట్టే తేలుతుంది.

ప్రశ్న: నాలుగేళ్ల కిందటి ఈసీజీ ఫైల్లోనే ఉంది, కానీ గీతలు మాయమయ్యాయి. ఎలా దాచాలి?
– ఒక పాఠకురాలు, అంబత్తూరు

జవాబు: చాలా మిషన్లు వాడేది వేడికి నల్లబడే థర్మల్ కాగితం. ఎండకూ, చెన్నై వేడికీ, కొన్ని రకాల ప్లాస్టిక్ కవర్లకూ గీతలు వెలిసిపోతాయి. ల్యామినేషన్ చేయిస్తే ఆ వేడికి కాగితమంతా నల్లగా మారిపోతుంది. తీసిన రోజే జిరాక్స్ తీయించి ఫైల్లో పెట్టండి. ఫోన్లో ఫొటో తీసేటప్పుడు గడులు, తేదీ, వేగం అంకెలు స్పష్టంగా కనిపించాలి.