మామగారికి తమిళం రాదు, సభలకు పంపవచ్చా?

ప్రశ్న: మా మామగారు ఒంగోలులో తెలుగు మాస్టారుగా చేసి విరమించారు. ఇప్పుడు వేళచ్చేరిలో మా దగ్గరే ఉంటున్నారు. పగలంతా టీవీయే. గ్రంథాలయాల్లో ఉచిత ప్రసంగాలు ఉంటాయట. పంపవచ్చా?
– ఒక కోడలు, చెన్నై

జవాబు: నిక్షేపంగా పంపండమ్మా. 2010లో తెరిచిన అన్నా శతజయంతి గ్రంథాలయం మీకు ఒక్క రైలు దూరం. బీచ్ వైపు వెళ్లే రైలెక్కి కొట్టూర్‌పురంలో దిగాలి. పిల్లలకు ప్రత్యేక విభాగం ఉంది కాబట్టి మొదటిసారి మనవడిని తోడివ్వండి. ఇద్దరికీ కాలక్షేపం.

ప్రసంగాలు ఎక్కువగా తమిళంలోనే ఉంటాయి, దాచడమెందుకు? ప్రకటనల బోర్డును ఫోనులో ఫొటో తీసి పంపమనండి, మీరు చదివి చెప్పవచ్చు. స్వాగతాలు, శాలువాలు, దీపారాధన అయ్యేసరికి అసలు వక్తకు మిగిలేది కాస్తే. ఆ ఓపిక మాస్టారుగారికి అలవాటే అయి ఉంటుంది!

ఆయనకు నిజంగా నచ్చేది మాత్రం ఎగ్మూరులోని కన్నెమరా గ్రంథాలయం. మ్యూజియం ఆవరణలో 1896 నుంచీ ఉంది. 1954 నాటి చట్టం ప్రకారం దేశంలో ఎక్కడ పుస్తకం అచ్చయినా ప్రచురణకర్త ఒక ప్రతి అక్కడికి పంపాలి. విజయవాడలో అచ్చయిన తెలుగు పుస్తకమైనా సరే. వెళ్లగానే తెలుగు పుస్తకాలు ఎక్కడని అడగమనండి. అక్కడే కూర్చుని చదువుకోవడానికి రుసుము లేదు. కళ్లజోడు, మంచినీళ్ల సీసా మరిచిపోకుండా సంచిలో పెట్టండి.