విజయవాడ దగ్గర పిల్లలకు చూపించదగిన అరుదైన అడవి పువ్వు ఏది?

అడవినాభి. మరో పేరు చెప్పను. వానలు బాగా పడ్డాక, ఆగస్టు, సెప్టెంబరులలో కొండపల్లి అడవి వైపు వెళ్లండి. వేసవి సెలవుల్లో వెతికితే దొరకదు. తీగంతా ఎండిపోయి నేలలో దుంప మాత్రమే మిగులుతుంది.

మేము మామగారిని, పిల్లలను తీసుకుని మూలపాడు మీదుగా వెళ్లాం. ముందురోజు వానకు దారంతా జారుడు. పిల్లలు అడవి లోపలికి పోదామని ఒకటే పేచీ. మామగారు మాత్రం "దట్టమైన నీడలో ఏం పూస్తుంది? ఎండ తగిలే పొదలు చూడండి" అంటూ దారి అంచునే నడిచారు. చివరికి ఒక పరికి కంప మీద కనిపించింది. ఆరు రేకులూ వెనక్కి విరుచుకుని నిటారుగా పైకి లేచాయి. అంచులన్నీ ముడతలు, మొదట్లో పసుపు, పైకి పోయేకొద్దీ మంట రంగు. పక్కనే కొత్తగా విచ్చిన పువ్వు ఇంకా పచ్చపచ్చగానే ఉంది. ఎరుపెక్కడానికి దానికి కొన్ని రోజులు పడుతుంది. మా అమ్మాయి పువ్వును వదిలేసి ఆకు దగ్గర ఆగిపోయింది. ఆకు కొసే సన్నగా సాగి, ముల్లును గట్టిగా చుట్టుకుంది. "తాతయ్యా, దీనికి ఆకే చెయ్యి!" అంది.

అంతలో వెనక నుంచి స్పీకర్లో పాటలు. పిట్ట కూత వినే ఓపిక లేనివాళ్లు అడవికి ఎందుకు వస్తారో! తిని పారేసిన బిర్యానీ పొట్లాల సంగతి చెప్పనే అక్కరలేదు.

నన్ను అసలు బాధపెట్టింది వేరు. కాస్త దూరంలో తవ్విన గుంత, పక్కన వాడిపోయిన నాభి తీగ. దుంప కోసం ఎవరో పెకలించారు. ఈ పువ్వు కరువైపోవడానికి ముఖ్య కారణం ఈ తవ్వకాలేనని నా గట్టి నమ్మకం. ఇందులో ఉండే రసాయనం కాల్చిసిన్‌ను గౌట్ అనే కీళ్ల నొప్పికి మందుగా వాడతారు, నిజమే. కానీ తమిళనాడు రైతులు గింజల కోసం దీన్ని పొలాల్లోనే పండిస్తున్నారు. వాళ్లకు ఇది రాష్ట్ర పుష్పం కూడా. పొలంలో పండేదాని కోసం అడవిని తవ్వడం దేనికి?

బయలుదేరే ముందు అటవీ సిబ్బందిని అడిగి అనుమతి తీసుకోండి. మొక్కంతా విషమే, దుంప మరీను. చిన్నపిల్లలను నోట్లో పెట్టుకోనివ్వకండి. కోసి ఇంటికి తెచ్చుకుందామని మాత్రం దయచేసి వెళ్లకండి.