ట్యూషన్‌లో వచ్చిన లెక్క పరీక్షలో ఎందుకు రావడం లేదు?

ప్రశ్న: మా అమ్మాయి ఎనిమిదో తరగతి చదువుతున్నది. ఆరో తరగతి దాకా చదువులో బాగానే ఉండేది. ఇప్పుడు లెక్కల పరీక్ష అంటే ముందు రోజు అన్నం కూడా సరిగ్గా తినడం లేదు. రెండేళ్లుగా ట్యూషన్‌కు పంపుతున్నాం. అక్కడి నోటుపుస్తకంలో లెక్కలన్నీ సరిగ్గానే ఉంటాయి, సారు కూడా పిల్ల బాగానే చేస్తున్నదని అంటారు. పరీక్షలో మాత్రం సగం మార్కులు కూడా రావడం లేదు. ఇంకో మంచి ట్యూషన్‌కు మార్చమంటారా?
– ఒక తల్లి, నల్లగొండ

జవాబు: అమ్మా, ట్యూషన్ మార్చే ముందు ఆ నోటుపుస్తకాన్ని ఒకసారి నిదానంగా తిరగేసి చూడండి. ఎక్కడా కొట్టివేత గానీ తప్పు గానీ లేకుండా లెక్కలన్నీ శుభ్రంగా ఉంటే, సంతోషించే ముందు కొంచెం అనుమానించాలి. సారు బోర్డు మీద చేస్తుంటే పిల్లలు దించుకుంటారు. దించుకుంటున్నంతసేపూ ప్రతి మెట్టూ అర్థమైనట్టే ఉంటుంది. పరీక్షలో మొదటి మెట్టు తనే వేయాల్సి వచ్చినప్పుడు చేయి ఆగిపోతుంది. ఇలా కొన్నాళ్లు జరిగితే పిల్ల తప్పును లెక్కలో వెతకడం మానేసి తనలో వెతుక్కుంటుంది.

పోయిన వారం నోటుపుస్తకంలో ఉన్న లెక్కే ఒకటి ఎంచుకుని, పుస్తకం మూసి, తెల్ల కాగితం మీద చేయమనండి. గడియారం చూడకండి. ఎక్కడ ఆగుతుందో గమనిస్తే చాలు. ఎనిమిదో తరగతి పిల్లలు ఆగే చోటు చాలాసార్లు ఐదో ఆరో తరగతి పాఠంలో ఉంటుంది. అకరణీయ సంఖ్యల (భిన్నంగా రాయగల సంఖ్యల) పాఠం రావడం లేదంటే, 1/2, 1/3 కలిపి 2/5 అని రాసే అలవాటు ఇంకా పోకపోవడమే కారణం కావచ్చు. ఆ తప్పును ఎర్ర సిరాతో కొట్టేసి సరైన జవాబు రాసి ఇస్తే పిల్ల నేర్చుకునేది ఏమీ ఉండదు. ‘2/5 సగం కంటే ఎక్కువా, తక్కువా? సగానికి ఇంకొంత కలిపితే సగం కంటే తక్కువ ఎలా అయింది?’ అని అడిగితే, తన జవాబు తప్పని తనే కనిపెడుతుంది.

నా దృష్టిలో లెక్కల్లో ధైర్యం అంటే ఇదే: వచ్చిన జవాబు సరైనదా కాదా అన్నది సారును అడగకుండా, వెనక పుటల్లోని జవాబులు చూడకుండా తెలుసుకోగలగడం. ఒక సంఖ్యను మూడు రెట్లు చేసి 7 తీసివేస్తే 11 వచ్చింది, ఆ సంఖ్య ఎంత అన్న సమీకరణాన్ని తీసుకోండి. పక్షాంతరం చేస్తే, అంటే సమీకరణంలో ఒక వైపు నుంచి ఇంకో వైపుకు పంపితే, గుర్తు మారుతుందని మాత్రమే బట్టీపట్టిన పిల్ల, 7ను అటువైపు పంపి 18 దాకా సరిగ్గానే వస్తుంది. అక్కడ మూడుతో భాగించాల్సింది పోయి, మూడుకు కూడా గుర్తు మార్చి 18లోంచి తీసివేసి 15 అని రాస్తుంది. ఆ 15ను మళ్లీ లెక్కలో పెట్టి చూసే అలవాటు ఉంటే 45లోంచి 7 పోతే 38 అని, 11 కాదని నిమిషంలో తేలిపోతుంది. జవాబు 6 అయితే 18లోంచి 7 పోయి 11 వస్తుంది. ఇలా సరిచూసుకున్న పిల్లను ఎవరూ మెచ్చుకోనక్కరలేదు.

భయం గురించి కూడా ఒక మాట. లెక్క చేస్తున్నప్పుడు అంకెలను, మధ్యలో వచ్చిన ఫలితాలను కాసేపు మనసులో పట్టి ఉంచుకోవాలి. ఆ జాగా చాలా చిన్నదని, ఆందోళన దానిలో కొంత ఆక్రమిస్తుందని మనస్తత్వ శాస్త్రం చెబుతుంది. ఎక్కాలు రాకపోయినా అదే జాగా ఖర్చవుతుంది. అందుకే ఎక్కాలు రావాలి, అయితే గడియారం పెట్టి అప్పజెప్పించుకోకూడదు.

అమ్మాయి సర్కారు బడిలో చదువుతుంటే ఇంకొకటి చూడాలి. 2022–23 నుంచి మన రాష్ట్ర ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం దశలవారీగా వచ్చింది, పాఠ్యపుస్తకాలు రెండు భాషల్లో ఇస్తున్నారు. ప్రశ్నను ఇంగ్లీషులో చదివి ఆగిపోతే, అదే ప్రశ్నను తెలుగు పుటలో చదివించండి. వెంటనే చేసేస్తే ఆమెకు లెక్క వచ్చు, భాష దగ్గరే చిక్కుపడుతున్నదన్న మాట. ఆ చిక్కును తీర్చే దారి వేరు.

కాబట్టి సారును మార్చడం కంటే ఆయనతో మాట్లాడటం మేలు. రెండు నెలలు సిలబస్ వెంట పరుగెత్తకుండా కిందికి దిగి చెప్పమనండి, రోజుకు నాలుగైదు లెక్కలే చేయించినా పర్వాలేదనండి, జవాబు సరిగ్గా ఉన్నప్పుడు కూడా ‘ఇది సరైనదని నీకెలా తెలుసు?’ అని అడగమనండి. తప్పు చేసినప్పుడే అలా అడిగే అలవాటు ఉన్నచోట, పిల్లలు ప్రశ్న వినగానే జవాబును రబ్బరుతో చెరిపేస్తారు. ఆయన ఒప్పుకోకపోతే అప్పుడు మార్చండి. ఇంట్లో ‘మా వంశంలో ఎవరికీ లెక్కలు రావు’ అన్న మాట, ముఖ్యంగా ఆడపిల్ల ముందు, ఎవరూ అనకుండా చూడండి.

ప్రశ్న: నేను డిగ్రీ, బీఈడీ పూర్తి చేసి, ఉద్యోగం వచ్చేదాకా ఇంట్లోనే ట్యూషన్ చెబుతున్నాను. నాలుగో తరగతి నుంచి పది దాకా ఇరవై మంది ఒకే గదిలో కూర్చుంటారు. కొందరి తల్లిదండ్రులు పనికోసం ముంబై, పుణె, హైదరాబాద్ పోయి వస్తుంటారు, పిల్లలకు మధ్యలో నెలల తరబడి చదువు ఆగిపోతుంది. ఒక్కొక్కరికి విడిగా చెప్పేంత సమయం లేదు. ఏం చేయాలి?
– ఒక యువకుడు, కోస్గి

జవాబు: తమ్ముడూ, వలస పోయి వచ్చిన పిల్లవాడు సాంఘిక శాస్త్రంలో ఒక పాఠం తప్పిపోయినా తర్వాతి పాఠం చదువుకోగలడు. లెక్కల్లో భాగహారం తప్పిపోతే భిన్నాలు, నిష్పత్తి, శాతాలు వరుసగా కుంటుపడతాయి. అందువల్ల పిల్లలను తరగతిని బట్టి కాకుండా, ఏది వచ్చు, ఏది రాదు అన్నదాన్ని బట్టి జట్లుగా కూర్చోబెట్టండి. తొమ్మిదో తరగతి అబ్బాయికి ఆరో తరగతి పిల్లల పక్కన కూర్చోవడం నామోషీగా ఉంటుంది కాబట్టి, అతనిని వాళ్లకు చెప్పేవాడిగా కూర్చోబెట్టండి. చెప్పడానికి ముందు అతను నేర్చుకోక తప్పదు.

అందరికీ పలకలు ఇవ్వండి. అందరూ రాసి ఒకేసారి పైకెత్తితే, ఇరవై జవాబులూ ఒక్క చూపులో మీకు కనిపిస్తాయి. తప్పు జవాబుల్లోంచి ఆసక్తికరమైనది ఒకటి ఎంచుకుని, అది ఎవరిదో చెప్పకుండా, ఇది ఎలా వచ్చి ఉంటుందో కనుక్కోమనండి.

లెక్కలను ఊళ్లోంచే తీసుకోండి. పట్టాదారు పాసుపుస్తకంలో 1.20 అని ఉంటే అది ఒక ఎకరం ఇరవై గుంటలు, అంటే ఎకరంన్నర. గణిత పుస్తకం ప్రకారం 1.20 ఎకరాలంటే ఒక ఎకరం ఎనిమిది గుంటలే. 1.20కి 1.25 కలిపితే తండ్రి 3.05 అంటాడు, కొడుకు 2.45 అంటాడు. నలభై గుంటలకు ఒక ఎకరమని తెలిసిన పిల్లవాడు పాసుపుస్తకంలో 2.45 ఎందుకు ఉండదో చెప్పగలిగాడంటే, దశాంశ స్థానం అతనికి అర్థమైనట్టే. నూటికి నెలకు రెండు రూపాయల మిత్తి ఏడాదికి 24 శాతం అవుతుందని లెక్కగట్టిన పిల్ల ఆ సంగతి ఇంటికెళ్లి చెబుతుంది కూడా.

ప్రశ్న: ఇంటికి వచ్చి ఒక్కడికే చెప్పే సారు ఎక్కువ ఫీజు అడుగుతున్నారు. ముప్పై మంది ఉన్నచోట ఫీజు తక్కువ. నిజంగా అంత తేడా ఉంటుందా? మరోవైపు మా అబ్బాయి బడిలో లెక్కలు చెప్పే సారే ట్యూషన్‌కు పంపమంటున్నారు. పంపకపోతే పిల్లవాడిని పట్టించుకోరేమోనని భయంగా ఉంది.
– ఒక తండ్రి, జడ్చర్ల

జవాబు: విడిగా చెబితే పిల్లలు తరగతిలో కంటే ఎంతో ముందుకు పోతారని అమెరికా విద్యా మనస్తత్వవేత్త బెంజమిన్ బ్లూమ్ 1984లో వాదించారు. ఆయన చెప్పినంత తేడా తర్వాతి అధ్యయనాల్లో కనిపించలేదు గానీ, లాభమైతే ఉంది. బ్లూమ్ చెప్పిన ఆ పిల్లలు ఒక పాఠం పూర్తిగా వచ్చాకే తర్వాతి పాఠానికి వెళ్లేవారన్నది మాత్రం మరచిపోకూడదు. ఇంటికి వచ్చే సారు గంటసేపు తనే లెక్కలు చేసి వెళితే ఎక్కువ ఫీజు దండగ. నెల రోజులు చూసి, ఆ గంటలో పెన్ను ఎవరి చేతిలో ఎక్కువసేపు ఉందో గమనించి నిర్ణయించుకోండి.

రెండో విషయానికి వస్తే, 2009 నాటి విద్యాహక్కు చట్టం 28వ సెక్షన్ ప్రకారం ఉపాధ్యాయులు ప్రైవేటు ట్యూషన్ చెప్పకూడదు. సారుతో తగవు పెట్టుకోనక్కరలేదు. అబ్బాయికి ఏ పాఠం దగ్గర ఇబ్బందిగా ఉందో ఒక కాగితం మీద రాసి, బడి వేళల్లోనే చూడమని ప్రధానోపాధ్యాయుడి సమక్షంలో అడగండి. ట్యూషన్ కావాలనుకుంటే బయటివారి దగ్గరే పెట్టించండి.